బుట్టలో బంతి – 9వ భాగం: దూరపు జట్ల మీద మనసు

పోయిన భాగంలో మాస్కో దాకా వెళ్లి వచ్చాం. 1980 ఒలింపిక్స్‌ను అమెరికాతో పాటు చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ కూడా బహిష్కరించడంతో మన పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు అనుకోని పిలుపొచ్చింది. ఏడు ఆటలాడి ఏడూ ఓడి, పన్నెండు జట్లలో పన్నెండో స్థానంతో తిరిగొచ్చింది. ఒలింపిక్స్‌లో ఆ జట్టు అడుగుపెట్టడం అదే మొదలు, ఇప్పటికి అదే చివర. అంతకుముందు తరంలో హర్యానాలోని ఝామ్రీ అనే పల్లె నుంచి సైన్యంలోకి, అక్కడి నుంచి దేశపు జట్టులోకి ఎదిగి 1967లో అర్జున అవార్డు అందుకున్న ఖుషీరాం కథ కూడా చెప్పుకున్నాం. ఆ రోజుల్లో మన దేశంలో గొప్ప జట్లంటే సర్వీసెస్, రైల్వేస్, పోలీసు జట్లే.

ఇక అక్కడి నుంచి ముందుకు కదులుదాం. ఈ భాగంలో కథ అమెరికాలో మొదలై యమున ఒడ్డుకు వస్తుంది.

ఢిల్లీని ఆనుకుని ఉన్న హర్యానా ఊరు ఫరీదాబాద్ సెక్టార్లలో ఏ సాయంత్రమైనా స్కూలు మైదానాల వైపు వెళ్లి చూడండి. సిమెంటు కోర్టు, రంగు వెలిసిన గీతలు, వల ఏనాడో చిరిగిపోయి ఒట్టి ఇనుప చట్రం మిగిలిన రింగు. బంతి రింగులోంచి పడితే వల చప్పుడు వినిపించదు కాబట్టి, పడిందా లేదా అని పిల్లల మధ్య తగువులు. ఆ పిల్లల ఒంటి మీద బనియన్లు మాత్రం ఎర్రవి, పసుపువి, నీలివి. ఎర్రదాని మీద షికాగో బుల్స్, 23. పసుపుదాని మీద లేకర్స్, 24. నీలిదాని మీద గోల్డెన్ స్టేట్ వారియర్స్, 30. వాళ్లలో ఒకడు ఎన్‌హెచ్‌పీసీలో పనిచేసే తెలుగు ఇంజనీరు కొడుకు కావచ్చు, ఇంకొకడు బల్లభ్‌గఢ్ జాట్ రైతు మనవడు కావచ్చు, మరొకడు దేశ విభజన తర్వాత వాయవ్య సరిహద్దు నుంచి వచ్చి ఈ ఊరు కట్టుకున్న పంజాబీ కుటుంబం పిల్లవాడు కావచ్చు. మాట్లాడే భాష మారుతుంది, తినే తిండి మారుతుంది. అభిమాన జట్టు దగ్గరికి వచ్చేసరికి అందరిదీ పన్నెండు వేల కిలోమీటర్ల అవతలి జట్టే. హర్యానా పేరున్న బనియను ఒక్కటీ కనిపించదు. ఎందుకని? ఈ భాగమంతా ఆ ప్రశ్న వెంటే నడుస్తుంది.

*

1991లో మన దేశంలో రెండు తలుపులు తెరుచుకున్నాయి. ఒకటి ఆర్థిక విధానాలది, రెండోది టీవీది. గల్ఫ్ యుద్ధం చూపించడానికి హోటళ్ల మీద మొలిచిన డిష్షులు ఏడాది తిరిగేసరికి కాలనీల్లోకి వచ్చాయి. కేబుల్ కుర్రాడు మేడ మీద నుంచి మేడ మీదికి నల్ల వైరు లాగి స్టార్ టీవీ చూపించాడు. అందులోని ప్రైమ్ స్పోర్ట్స్ ఛానల్లో అప్పుడప్పుడు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటలు వచ్చేవి. అమెరికాలో రాత్రి జరిగే ఆట మనకు తెల్లవారుజామున అయిదింటికో, పొద్దున ఎనిమిదింటికో మొదలవుతుంది. ఒక కంట టీవీ, ఒక కంట స్కూలు బస్సు. చాలామంది మూడో క్వార్టరు దాకా చూసి, ఫలితం సాయంత్రం తెలుసుకునేవాళ్లు. మర్నాటి పేపర్లో అది ఒక్క వాక్యమైనా వస్తే గొప్పే.

ఆ వైరు వెంట వచ్చిన మొదటి జట్టు షికాగో బుల్స్. దాని కథ తెలియకపోతే ఎర్ర బనియను మహత్తు అర్థం కాదు.

మైకేల్ జోర్డన్ 1984లో బుల్స్‌లో చేరాడు. పాయింట్ల వరద పారించాడు, బూట్ల కంపెనీని గొప్పది చేశాడు, అయినా ఏడేళ్ల పాటు టైటిల్ రాలేదు. దారికి అడ్డంగా డెట్రాయిట్ పిస్టన్స్ నిలబడ్డారు. కార్ల ఫ్యాక్టరీల ఊరి జట్టు, ఒళ్లు దాచుకోని జట్టు. జోర్డన్ కోసం వాళ్లు ప్రత్యేకంగా ఒక పద్ధతి తయారు చేసుకున్నారు. బంతి అతని చేతికి రాగానే ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టాలి, ఇష్టం లేని వైపుకు నెట్టాలి, గాలిలోకి లేస్తే నేలకు తేవాలి. 1988లో ఓడించారు. 1989లో ఓడించారు. 1990లో ఏడో ఆట దాకా లాగి మరీ ఓడించారు.

ఆ వేసవిలో జోర్డన్ బరువులెత్తి కండ పెంచాడు, దెబ్బ తిన్నా నిలబడేలా. అది అందరికీ తెలిసిన ముచ్చట. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది మరొకటి. కోచ్ ఫిల్ జాక్సన్ పక్కన టెక్స్ వింటర్ అనే దాదాపు డెబ్భై ఏళ్ల పెద్దాయన ఉండేవాడు. ముగ్గురు ఆటగాళ్లు త్రికోణంలా నిలబడి, ఎదుటివాడి కదలికను బట్టి బంతిని తిప్పే పద్ధతి ఆయనకు ప్రాణం. అందులో ఎవరూ బంతిని పట్టుకుని కూర్చోకూడదు. లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు చేసేవాడిని ఒప్పించి, తోటివాడికి బంతి ఇప్పించడమంటే మాటలు కాదు. ఇప్పించారు. 1991లో బుల్స్ పిస్టన్స్‌ను నాలుగుకు నాలుగూ గెలిచి ఊడ్చేశారు. నాలుగో ఆటలో ఇంకా కొన్ని సెకన్లు మిగిలుండగానే పిస్టన్స్ ఆటగాళ్లు కొందరు చేయి కలపకుండా, బుల్స్ బెంచీ ముందు నుంచే లోపలికి వెళ్లిపోయారు. అమెరికాలో ఆ నడక మీద ఇవాళ్టికీ వాదులాడుకుంటారు.

తర్వాత ఫైనల్లో మ్యాజిక్ జాన్సన్ నడిపిన లేకర్స్ మీద నాలుగు–ఒకటి. అక్కడి నుంచి 1993 దాకా వరసగా మూడు టైటిళ్లు, నడుమ జోర్డన్ బేస్‌బాల్‌కు వెళ్లి రావడం, మళ్లీ 1996 నుంచి 1998 దాకా వరసగా మూడు. 1995–96 సీజన్లో 82 ఆటల్లో 72 గెలిచారు. ఇరవై ఏళ్ల పాటు ఆ లెక్కను ఎవరూ దాటలేదు.

1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌కు అమెరికా మొదటిసారి ఎన్‌బీఏ ఆటగాళ్లను పంపింది. జోర్డన్, మ్యాజిక్, లారీ బర్డ్, చార్లెస్ బార్క్‌లీ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. కోచ్ ఎవరనుకున్నారు? జోర్డన్‌ను మూడేళ్లు నేలకు పడేసిన పిస్టన్స్ కోచ్ చక్ డేలీ. ఆ పిస్టన్స్ నాయకుడు ఐజయా థామస్‌కు మాత్రం జట్టులో చోటు దక్కలేదు. ఆ పాత పగలు అంత దూరం వెంట వచ్చాయి. ఫైనల్లో క్రొయేషియా మీద 117–85. ఎదురు జట్ల ఆటగాళ్లు ఆటకు ముందు వాళ్లతో ఫొటోలు దిగేవాళ్లు. పన్నెండేళ్ల కిందట అదే ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఆడారన్న సంగతి ఆ రోజు ఇక్కడ టీవీ ముందు కూర్చున్న పిల్లల్లో ఎవరికైనా తెలుసా అనేది నా సందేహం.

*

ఆ బార్సిలోనా జట్టులో పన్నెండో మనిషి కాలేజీ కుర్రాడు, క్రిస్టియన్ లేట్నర్. ఉత్తర కరొలైనాలోని డ్యూక్ యూనివర్సిటీ వాడు. అమెరికాలో కాలేజీ జట్లకున్న స్థానం మన పాఠకులకు కాస్త వివరించాలి, ఎందుకంటే అభిమానం ఎక్కడ పుడుతుందో అక్కడే తెలుస్తుంది.

డ్యూక్‌కు పదిమైళ్ల దూరంలో చాపెల్ హిల్ ఊరుంది. అక్కడ ఉత్తర కరొలైనా యూనివర్సిటీ. ఒకటి ముదురు నీలం, ఇంకొకటి లేత నీలం. ఒకే ఇంట్లో అన్న ఒక రంగు, తమ్ముడు ఇంకో రంగు కావడం అక్కడ మామూలే. మైకేల్ జోర్డన్ లేత నీలం మనిషి. 1982లో మొదటి ఏడాది విద్యార్థిగా ఉన్నప్పుడే, జార్జ్‌టౌన్ మీద జాతీయ ఫైనల్లో చివరి నిమిషంలో అతను వేసిన బంతితో కరొలైనా 63–62 ముందుకొచ్చింది. ఆ వెంటనే జార్జ్‌టౌన్ ఆటగాడొకడు కంగారులో బంతిని నేరుగా ప్రత్యర్థి జేమ్స్ వర్దీ చేతికే విసిరాడు. ఆట ముగిసింది. ఆ వర్దీయే 1991లో లేకర్స్ తరఫున ఆడి జోర్డన్ చేతిలో ఓడాడు.

పదేళ్లకు డ్యూక్ వంతు. 1992 మార్చిలో కెంటకీతో ఆట అదనపు సమయంలోకి వెళ్లింది. 2.1 సెకన్లు మిగిలాయి, డ్యూక్ ఒక్క పాయింటు వెనక. గ్రాంట్ హిల్ కోర్టు ఆ చివర నుంచి బంతిని ఈ చివరకు విసిరాడు. లేట్నర్ అందుకున్నాడు, ఒకసారి నేలకు కొట్టాడు, తిరిగాడు, వేశాడు. 104–103. ఆ ఏడాది టైటిల్ కూడా డ్యూక్‌దే, వరసగా రెండోది. ఇలాంటి ఆటలు చూడటానికి డ్యూక్ విద్యార్థులు చలికాలంలో మైదానం బయట గుడారాలేసుకుని పడుకుంటారు. చదువుకునే పిల్లలు, చదువు చెప్పే మాస్టార్లు, ఊళ్లో టీ దుకాణం నడిపేవాళ్లు, పాతికేళ్ల కిందట పాసై వెళ్లిపోయినవాళ్లు, అందరిదీ అదే జట్టు. అయిదో భాగంలో చెప్పుకున్న యూసీఎల్ఏ పన్నెండేళ్లలో పది టైటిళ్లూ, బోస్టన్ సెల్టిక్స్ పదమూడేళ్లలో పదకొండు టైటిళ్లూ ఇలాంటి నేల మీదే మొలిచాయి. గెలుపులు తర్వాతి మాట. ముందు అది మన ఊరి జట్టు, మన బడి జట్టు అనుకునే జనం ఉన్నారు.

ఇప్పుడు అదే కాలంలో మన వైపు చూద్దాం. ఢిల్లీ చుట్టుపక్కల బాగా ఆడే కుర్రాడికి ఉన్న దారి ఏమిటి? ముందు స్కూలు జట్టు, తర్వాత జిల్లా, తర్వాత రాష్ట్రం. స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు. నేషనల్స్‌లో ఎవరి కంటైనా పడితే ఉద్యోగం. రైల్వే, పంజాబ్ పోలీస్, సైన్యం, ఓఎన్‌జీసీ, చెన్నైలోని బ్యాంకులు, ఆదాయపు పన్ను శాఖ. ఉద్యోగం వచ్చిన రోజున ఇంట్లో పండగ. అక్కడి నుంచి అతని బనియను మీద ఉండేది జీతమిచ్చే సంస్థ పేరు.

ఈ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఏడడుగుల రైతు బిడ్డకు నెల జీతం, పింఛను, క్వార్టరు ఇచ్చి, పొద్దునా సాయంత్రం ప్రాక్టీసుకు అనుమతినిచ్చినవి ఈ సంస్థలే. అవి లేకపోతే మన దేశంలో ఈ ఆట 1950లలోనే కనుమరుగయ్యేది. కానీ ఆ పద్ధతిలో ఊరికి జట్టు దక్కలేదు. ఖుషీరాం సర్వీసెస్‌కు ఆడాడు, తర్వాత రాజస్థాన్ వెళ్లాడు. ఝామ్రీ వాళ్లు అతన్ని చూసి గర్వపడ్డారే కానీ, టికెట్ కొనుక్కుని వెళ్లి కేకలేయడానికి ఝామ్రీ జట్టు అనేది లేదు. రైల్వేస్ నేషనల్స్ గెలిస్తే ఫరీదాబాద్‌లో ఎవరు సంబరపడాలి? రైల్వే ఉద్యోగులా? స్టేషన్ పక్కన ఉండేవాళ్లా?

దీనికి ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం. ముంబయిలో నాగ్‌పాడా అనే ఇరుకు బస్తీ ఉంది. 1970లో అర్జున అవార్డు అందుకున్న అబ్బాస్ ముంతసిర్ అక్కడి వాడు. బచ్చూఖాన్ మైదానంలో సాయంత్రాలు ఆట మొదలైతే చుట్టూ గోడల మీద, కిటికీల్లో జనం. అక్కడ తాత ఆడాడు, కొడుకు ఆడాడు, మనవడు ఆడుతున్నాడు. ఆ ఒక్క బస్తీ నుంచి దేశపు జట్టుకు వెళ్లినవాళ్లను లెక్కపెడితే ఆశ్చర్యమేస్తుంది. నాగ్‌పాడాకు ఒక జట్టుంది, అందుకే ఆటగాళ్లున్నారు. ఢిల్లీ పరిసరాల్లో అలాంటి బస్తీ తయారు కాలేదు. హర్యానా మట్టికి కుస్తీ అఖాడా, కబడ్డీ, భివానీ బాక్సింగ్ ఉన్నాయి. వాటి వెనక ఊళ్లకు ఊళ్లే నిలబడతాయి. బాస్కెట్‌బాల్ మాత్రం స్కూలు గేటు లోపలే ఉండిపోయింది. పదో తరగతి పరీక్షలు రాగానే బంతి అటక మీదికి వెళుతుంది. మన తెలుగు ఇళ్లలో అయితే ఇంకాస్త ముందే వెళుతుంది. ఐఐటీ కోచింగ్ ఎనిమిదో తరగతిలోనే మొదలు కదా.

*

2002లో చైనా నుంచి యావ్ మింగ్ అనే ఏడున్నర అడుగుల ఆటగాడిని హ్యూస్టన్ రాకెట్స్ మొదటి ఎంపికగా తీసుకుంది. దాంతో చైనాలో కోట్ల మంది ఎన్‌బీఏ చూడటం మొదలుపెట్టారు. న్యూయార్క్ కార్యాలయాల్లో కూర్చున్నవాళ్లకు తర్వాతి ప్రశ్న సహజంగానే తట్టింది. వంద కోట్లు దాటిన ఇంకో దేశం ఉంది కదా, అక్కడి యావ్ మింగ్ ఎవరు?

పంజాబ్‌లోని బర్నాలా జిల్లా బల్లో కే గ్రామంలో అతను అప్పటికే పెరుగుతున్నాడు. సత్నామ్ సింగ్. తండ్రి కూడా ఏడడుగులు దాటిన రైతే. ఆయనకు చిన్నప్పుడు ఆట దక్కలేదు, కొడుక్కి దక్కాలనుకున్నాడు. లూధియానా అకాడమీలో కోచ్ సుబ్రమణియన్ ఆ పిల్లవాడిని చేరదీశారు. 2010లో ఐఎంజీ–రిలయన్స్ స్కాలర్‌షిప్ మీద అమెరికాకు వెళ్లిన ఎనిమిది మంది పిల్లల్లో సత్నామ్ ఒకడు. ఇంగ్లిష్ రాదు, ఫ్లోరిడా తిండి పడదు, వయసు పద్నాలుగు. అయిదేళ్లు అక్కడే ఉన్నాడు. 2015 జూన్‌లో జరిగిన ఎంపికలో డాలస్ మావెరిక్స్ 52వ పిలుపులో అతని పేరు చదివింది. భారత్‌లో పుట్టినవాడు ఎన్‌బీఏకి ఎంపిక కావడం అదే మొదటిసారి. అదే ఏడాది ఏప్రిల్‌లో, పంజాబీ తల్లిదండ్రులకు కెనడాలో పుట్టిన సిమ్ భుల్లర్ శాక్రమెంటో కింగ్స్ తరఫున కోర్టులోకి దిగాడు. ఆ జట్టు యజమానుల్లో ముఖ్యుడు ముంబయిలో పుట్టిన వివేక్ రణదివే.

సత్నామ్ డాలస్ తరఫున ఎన్‌బీఏ ఆట ఒక్కటీ ఆడలేకపోయాడు, కింది లీగ్‌లోనే ఆగిపోయాడు. అయినా ఆ ఎంపిక వల్ల ఒక పని జరిగింది. ఒక్క కుర్రాడిని ఏరి విమానం ఎక్కించడం కంటే, ఇక్కడే బడి పెట్టడం మేలన్న ఆలోచనకు బలం వచ్చింది. 2017 మేలో గ్రేటర్ నోయిడాలోని జేపీ గ్రీన్స్ క్రీడా ప్రాంగణంలో ఎన్‌బీఏ అకాడమీ ఇండియా తెరిచారు. దేశమంతా వెతికి ఎంపిక చేసిన పదిహేను, పదహారేళ్ల కుర్రాళ్లకు అక్కడే చదువు, అక్కడే తిండి, చెక్క నేల ఉన్న కోర్టు, విదేశీ కోచ్‌లు.

ఫరీదాబాద్ నుంచి చూస్తే గ్రేటర్ నోయిడా యమునకు అవతలి ఒడ్డే. మధ్యలో నది, కాళిందీ కుంజ్ దగ్గర ట్రాఫిక్. సిమెంటు కోర్టు మీద మోకాళ్లు అరగ్గొట్టుకునే పిల్లలకు, కొట్టినంత ఎత్తుకు బంతి తిరిగొచ్చే చెక్క నేల అంత దగ్గరికి రావడం చిన్న విషయం కాదు.

*

తెరిచిన రెండు నెలలకే ఆ కోర్టుకు వచ్చిన అతిథి కెవిన్ డ్యురాంట్.

అతని వెనకున్న కథ కూడా జట్ల మీద ప్రేమ గురించిందే. టెక్సస్ యూనివర్సిటీకి ఒక్క ఏడాది ఆడి, మొదటి ఏడాది కుర్రాడే అయినా దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడనిపించుకున్నాడు. 2007లో సియాటిల్ జట్టు అతన్ని తీసుకుంది. మరుసటి ఏడాదే యజమానులు ఆ జట్టును ఓక్లహోమా సిటీకి తరలించేశారు. నలభై ఏళ్లుగా తమదనుకున్న జట్టు పోయిన సియాటిల్ జనం దుఃఖం మామూలుది కాదు. ఓక్లహోమాలో డ్యురాంట్ దేవుడయ్యాడు. 2016లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 82లో 73 గెలిచి బుల్స్ పాత లెక్కను దాటేసింది. ప్లేఆఫ్స్‌లో ఓక్లహోమా వాళ్లు ఆ వారియర్స్ మీద మూడు–ఒకటి ఆధిక్యంలో ఉండి కూడా ఓడారు. అదే వారియర్స్ ఫైనల్లో క్లీవ్‌లాండ్ మీద మూడు–ఒకటి ముందుండి ఓడింది. ఆ వేసవిలో డ్యురాంట్ తనను ఓడించిన వారియర్స్‌లోనే చేరిపోయాడు. ఓక్లహోమాలో కొందరు అతని బనియన్లను తగలబెట్టారు. తర్వాతి సీజన్ ప్లేఆఫ్స్‌లో వారియర్స్ 17 ఆటలాడి 16 గెలిచి టైటిల్ పట్టేసింది. నా లెక్కలో ఆట అందం చూస్తే అన్ని కాలాల్లోనూ ఆ 2017 జట్టే ముందు. పోరాటం చూస్తే మాత్రం 1991 బుల్స్‌కే ఓటు. పిస్టన్స్ లాంటి గోడను వారియర్స్ ఎన్నడూ బద్దలు కొట్టాల్సి రాలేదు.

ఆ టైటిల్ వచ్చిన నెలన్నరకు, జులై చివరి వారంలో డ్యురాంట్ ఢిల్లీలో దిగాడు. ఆర్.కె.పురం రామ్‌జస్ స్కూల్లో అతని ఫౌండేషన్ కట్టించిన రెండు కోర్టులను ప్రారంభించాడు. అకాడమీలో పిల్లలకు పాఠం చెప్పాడు, దేశంలో మరికొన్ని నగరాల్లోని పిల్లలు వీడియోలో చూస్తూ అదే పాఠం చేశారు. మొత్తం 3,459 మంది. గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. తాజ్‌మహల్ చూసి వెళ్లాడు.

అమెరికా వెళ్లాక ఒక ఇంటర్వ్యూలో, జ్ఞానంలోనూ అనుభవంలోనూ భారతదేశం ఇరవై ఏళ్లు వెనకబడి ఉందన్నాడు. వీధుల్లో ఆవులు, కోతులు, కిక్కిరిసిన జనం గురించి చెప్పాడు. ఇక్కడ మండిపడ్డారు. మాటలు సరిగా రాలేదని, ఇక్కడ గడిపిన రోజులు తనకు ఎంతో విలువైనవని చెప్పి అతను క్షమాపణ కోరాడు. నిన్నటిదాకా అతని బనియను వేసుకున్న పిల్లలు తెగ నొచ్చుకున్నారు. మనం అంత ప్రేమించినవాడు మనల్ని ఇలా చూశాడా అన్న బాధ వాళ్లది. ఆ బాధ న్యాయమైనదే. ప్రేమంతా ఒకవైపు నుంచే నడిస్తే ఇలాంటి రోజు ఒకటి వస్తుంది.

అకాడమీ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. గురుదాస్‌పూర్ జిల్లా నుంచి లూధియానా మీదుగా వచ్చిన ప్రిన్స్‌పాల్ సింగ్ గ్రేటర్ నోయిడా మొదటి బ్యాచ్ కుర్రాడు. అక్కడి నుంచి ఆస్ట్రేలియాలోని గ్లోబల్ అకాడమీకి, 2020లో అమెరికాలో ఎన్‌బీఏ కింది లీగ్ అయిన జీ లీగ్‌లోని ఇగ్నైట్ జట్టుకు వెళ్లాడు. 2021 ఆగస్టులో లాస్ వేగస్ సమ్మర్ లీగ్ గెలిచిన శాక్రమెంటో కింగ్స్ జట్టులో ఉన్నాడు. అది ఎన్‌బీఏ అసలు టైటిల్ కాదు, వేసవిలో కొత్త కుర్రాళ్లను పరీక్షించే పోటీ. అయినా ఆ స్థాయిలో టైటిల్ జట్టులో ఒక భారతీయుడు ఉండటం అదే మొదలు. ఇదే అకాడమీ నుంచి అమాన్ సంధూ న్యూజెర్సీలోని మన్మత్ యూనివర్సిటీ జట్టుకు వెళ్లాడు. అకాడమీ అమ్మాయిల శిబిరాల నుంచి హర్‌సిమ్రన్ కౌర్ శాన్ డియేగో యూనివర్సిటీకి వెళ్లింది. అమెరికా కాలేజీ జట్టు ఆట చూస్తూ మనవాళ్ల కోసం కేకలేసే అవకాశం అలా వచ్చింది.

మన దగ్గర ఊరి పేర్లతో జట్లు పెట్టే ప్రయత్నాలూ జరిగాయి. 2015లో మొదలైన యూబీఏ లీగ్‌లో హర్యానా గోల్డ్, ఢిల్లీ క్యాపిటల్స్, హైదరాబాద్ స్కై ఉండేవి. రెండేళ్లలో ఆగిపోయింది. ఫెడరేషన్‌లోనేమో 2015లో రెండు వర్గాలు ఎవరికి వారు ఎన్నికలు పెట్టుకుని, మేమే అసలు అని కొట్లాడుకున్నాయి. చివరికి అంతర్జాతీయ సమాఖ్య ఒక వర్గాన్ని గుర్తించాల్సి వచ్చింది. 2025లో ఐఎన్‌బీఎల్ ప్రో అని మరో లీగ్ వచ్చింది. అందులో హైదరాబాద్ ఫాల్కన్స్ ఉంది, ఢిల్లీ డ్రిబ్లర్స్ ఉంది. హైదరాబాద్ జట్టు ఆడింది మాత్రం హైదరాబాద్‌లో కాదు, ఢిల్లీ త్యాగరాజ్ ఇండోర్ స్టేడియంలో. అన్ని జట్లకూ అదే మైదానం. ఖర్చు తగ్గుతుంది, టీవీకి సులువు, నిజమే. అయితే సికిందరాబాద్ కుర్రాడు తన జట్టును ఎక్కడికెళ్లి చూడాలి? ఫరీదాబాద్ పిల్లలు మెట్రోలో వెళ్లి చూడగలిగారు, కానీ హర్యానా పేరుతో అందులో జట్టే లేదు. సొంత కోర్టులో ఆట ఉండాలి. ఓడిన రాత్రి అదే ఊళ్లో, అదే ఛాయ్ దుకాణం దగ్గర దాని గురించి వాదులాట జరగాలి. అలా నాలుగైదేళ్లు గడిస్తేనే ఫరీదాబాద్ మైదానంలో ఇంకో రంగు బనియను కనిపిస్తుంది. లీగులు పెట్టేవాళ్లు ఈ ఒక్క సంగతి మీద పట్టుబట్టాలని నా కోరిక.

ఇంకొక్క విషయం. డ్యురాంట్ ఢిల్లీలో ఉన్న ఆ 2017 జులై చివరి వారంలోనే, బెంగళూరు కంఠీరవ ఇండోర్ స్టేడియంలో మహిళల ఆసియా కప్ జరుగుతోంది. కెమెరాలన్నీ గ్రేటర్ నోయిడా వైపు తిరిగి ఉండగా, మన అమ్మాయిలు డివిజన్ బి ఫైనల్లో కజకిస్తాన్‌తో తలపడి 75–73తో గెలిచి పై డివిజన్‌కు చేరారు. మన దేశంలో ఎవరికైనా ఒక అభిమాన జట్టు ఉండదగిందంటే అది బహుశా వాళ్లదే. ఆ జట్టు రైల్వే క్వార్టర్ల నుంచి, కేరళ విద్యుత్ బోర్డు కోర్టుల నుంచి ఎలా తయారైందో. 2011లో అమెరికా మహిళల లీగ్ జట్ల ముందు పరీక్షకు నిలబడిన గీతూ అన్నా జోస్ ఎవరో. దక్షిణ రైల్వేలో ఉద్యోగం చేస్తూ పద్దెనిమిదేళ్లు దేశానికి ఆడిన అనితా పాల్‌దురై, వారణాసి నుంచి ఢిల్లీ చేరిన సింగ్ అక్కచెల్లెళ్లు ఈ ఆటను ఎక్కడిదాకా మోసుకొచ్చారో వచ్చే భాగంలో చూద్దాం.